కడుపులో ఒకరు, కాళ్ళకి ఇద్దరు: కవలలుండగా మళ్ళీ నెల తప్పితే ఇల్లు ఎలా సర్దుకోవాలి

ఏప్రిల్లో మా కవలల రెండో పుట్టినరోజు చేశాం. మే నెలలో మా అత్తయ్య ఆవకాయ కలుపుతున్నారు. ఆవపిండి ఘాటుకి నేను నోరు మూసుకుని బాత్రూంలోకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆవిడ జాడీ పక్కన పెట్టి, "ఏమ్మా, నెల తప్పావా?" అన్నారు. అప్పటికి నాకే తెలీదు.

ఇప్పుడు ఆ మూడోదానికి ఐదు నెలలు. మాది గుంటూరు, రెండో అంతస్తు, అద్దిల్లు, లిఫ్టు లేదు. "ఎలా నెట్టుకొచ్చావు?" అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. పిల్లలు మన ఎత్తుకి రావాలి, మనం వాళ్ళ ఎత్తుకి వంగకూడదు. ఇల్లంతా ఆ లెక్కన సర్దుకుంటే రోజు గడుస్తుంది. మిగతావి దానికి కొనసాగింపే.

1. ముందు పాత ఫైలు బయటికి తీయండి

నెల తప్పిందని తేలిన వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు కవలల కాన్పప్పటి డిశ్చార్జి కాగితం, తల్లీబిడ్డ కార్డు వెంట ఉండాలి. మొన్న మొన్నటిదే కదా, గుర్తుంటుందిలే అనుకుంటాం. కవలలు పుట్టాక రెండేళ్ళ నిద్రలేమిలో ఏం గుర్తుంటుంది! ఆపరేషన్ ఎందుకు చేశారు, రక్తం ఎక్కించారా, బీపీ గానీ షుగర్ గానీ వచ్చిందా అనేవి ఆ కాగితంలో ఉంటాయి. ఈసారి నిర్ణయాలు చాలావరకు వాటి మీదే ఆధారపడతాయి. ఒక కాన్పు తర్వాత మళ్ళీ గర్భం కోసం కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మీకు అంతకన్నా ముందే నిలిస్తే కంగారు పడొద్దు గానీ, ఆ సంగతి మొదటి రోజే డాక్టరుకి చెప్పండి. ఆపరేషన్ కాన్పు అయినవాళ్ళయితే తప్పకుండా చెప్పాలి.

కార్డు చూపిస్తే ఇంకో లాభం ఉంది. పోయిన గర్భంలో ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే టీడీ టీకా రెండు డోసులూ వేయించుకుని మూడేళ్ళు దాటకపోతే, ఈసారి ఒక్క బూస్టరుతో సరిపోతుంది.

"మళ్ళీ కవలలేనా?" అని పాలబ్బాయి దాకా అడుగుతారు. వేర్వేరు అండాల నుంచి వచ్చిన కవలలయితే మళ్ళీ కవలలు రావడానికి మామూలు కన్నా కొంచెం ఎక్కువ అవకాశం ఉంది. అచ్చుగుద్దినట్టుండే కవలలకి ఆ లెక్క వర్తించదు. మొదటి స్కానింగులోనే తేలిపోతుంది. డాక్టరమ్మ "ఒక్కరే" అనగానే మా ఆయన గోడకి ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకున్నారు. దేవుడికి దండం పెట్టుకున్నానని తర్వాత చెప్పారు.

స్కానింగు గదిలోకి పిల్లల్ని రానివ్వరు. 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్, ఆరో నెలలో గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలాగి రక్తం తీసే పరీక్ష. ఈ రెంటికీ సగం రోజు పోతుంది. ఆ రోజు పిల్లలు ఎవరి దగ్గరుంటారో ముందే ఖాయం చేసుకోండి. నేను గ్లూకోజు పరీక్షకి ఇద్దర్నీ వెంటేసుకుని వెళ్ళాను. ఆ గ్లాసు తమకీ కావాలని ఇద్దరూ నేల మీద పడి దొర్లారు. ఇంకెప్పుడూ ఆ తప్పు చేయలేదు.

2. నాలుగు స్టూళ్ళు కొనండి

ఇది అసలు పని. రెండేళ్ళ పిల్ల పది పన్నెండు కిలోలుంటుంది. ఇద్దరూ కలిస్తే పాతిక కిలోల బియ్యం బస్తాకి కాస్త తక్కువ. రోజుకి ఆ బస్తాని ఎన్నిసార్లు ఎత్తి దించుతున్నామో ఒక పూట లెక్కపెట్టండి. నేను పొద్దున పది గంటలకే పద్నాలుగు దాకా లెక్కపెట్టి ఊరుకున్నాను.

మోకాలి ఎత్తు ప్లాస్టిక్ స్టూళ్ళు, అడుగున రబ్బరు ఉన్నవి తెచ్చుకోండి. ఒకటి బాత్రూంలో, ఒకటి వంటింట్లో, ఒకటి మంచం పక్కన, ఒకటి వీధి తలుపు దగ్గర చెప్పుల స్టాండు పక్కన. ఇవి మీకు, పిల్లలకి కాదు. పిల్లల బట్టలు, బొమ్మలు, మంచినీళ్ళ సీసాలు వాళ్ళకి అందేలా కింది అరల్లోకి దించేయండి. మీకు కావాల్సినవన్నీ నడుము ఎత్తుకి తెచ్చుకోండి. నేల మీద కూర్చుని లేవడం ఏడో నెల దాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి, ఆ ఇద్దరూ రెండేళ్ళ వాళ్ళే అవుతారు.

ఇప్పుడు మాట మార్చండి. పిల్ల "ఎత్తుకో" అంటే మీరు "ఎక్కు" అనండి. స్టూలుని గోడకి ఆనించి కూర్చోండి, పాదాలు నేలకి గట్టిగా ఆనించండి, తొడ చూపించండి. మొదటి రెండ్రోజులు ఏడుస్తారు. మూడో రోజు నుంచి ఎక్కడమే ఆట అయిపోతుంది. మా చిన్నది ఎక్కేముందు "అమ్మ బస్సు వచ్చింది" అని కేకేసేది. తప్పనిసరిగా ఎత్తాల్సి వస్తే మోకాళ్ళు వంచి, పిల్లని ఛాతీకి హత్తుకుని లేవండి. నడుము వంచి లాగొద్దు, ఇద్దర్నీ ఒకేసారి ఎత్తొద్దు. మాయ కిందికి ఉందనో, రక్తం కనిపించిందనో డాక్టరు బరువులు వద్దంటే మాత్రం పిల్లలూ బరువే.

స్నానం కూడా స్టూలు మీద నుంచే. కాళ్ళు చాపుకుని పిల్లల్ని పడుకోబెట్టి పోసే రోజులు అయిపోయాయి. మీరు స్టూలు మీద, వాళ్ళు నిలబడి, చేతిలో మగ్గు. ముందు ఒకరికి ఒళ్ళు తుడిచి బయటికి పంపేశాకే రెండోవాళ్ళకి నీళ్ళు పోయాలని చూస్తే, బయటికెళ్ళింది ఏం చేస్తుందో తెలియదు. ఇద్దర్నీ లోపలే ఉంచండి, తలుపు దగ్గరకి వేసుకోండి. పనైపోగానే బకెట్ బోర్లించండి. జానెడు నీళ్ళున్నా పసిపిల్ల తల్లకిందులుగా పడితే లేవలేదు. ఫోన్ మోగినా, కాలింగ్ బెల్ కొట్టినా నీళ్ళ దగ్గర వాళ్ళని వదిలి లేవకండి.

మెట్ల సంగతి. మాకు ముప్పై ఆరు. ఒక చెయ్యి రెయిలింగుకి పోతే మిగిలేది ఒక్క చెయ్యి, పిల్లలు ఇద్దరు. నేను వాళ్ళకి కూర్చుని ఒక్కో మెట్టూ జారుతూ దిగడం నేర్పించాను. గౌన్లు మాసిపోతాయి, పోనివ్వండి. ఏడో నెల దాటాక ఇద్దరితో ఒంటరిగా మెట్లు దిగడం పూర్తిగా మానేశాను. కూరగాయల బండి వస్తే పై నుంచి తాడు కట్టిన బుట్ట దించేదాన్ని.

3. ఎర్ర మాత్రలకి తాళం వేయండి

గర్భిణులకి ఇచ్చే ఐరన్ మాత్ర ఎర్రగా, నున్నగా ఉంటుంది. పిల్లల కంటికి అది చాక్లెట్ బిళ్ళే. ఆగస్టులో ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి పెద్దది మంచం పక్క స్టూలెక్కి అలమార తీసింది. అదే స్టూలు, నేను గొప్పగా కొన్నది. మాత్రల అట్ట చేతిలో ఉంది, నోరు ఎర్రగా ఉంది. అట్టకి పది. నేను వేసుకున్నవి నాలుగు, ఉండాల్సినవి ఆరు. ఉన్నవి ఐదు. చిన్నదాని నోరు తెరిపించి చూశాను, శుభ్రంగా ఉంది. ఆరోది మంచం కింద దొరికింది, పై రంగు చప్పరించి, బాగోలేదని ఉమ్మేసిన మాత్ర. దాన్ని చేతిలో పట్టుకుని నేల మీదే చాలాసేపు కూర్చున్నాను.

ఐరన్ మాత్రలు నాలుగైదు మింగినా చిన్నపిల్లల ప్రాణం మీదికి రావచ్చు. పిల్ల మింగిందని అనుమానం వస్తే చాలు, వాంతి చేయించే ప్రయత్నాలు, ఉప్పునీళ్ళు, మజ్జిగ ఏవీ వద్దు. అట్ట పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. పిల్ల బాగానే ఆడుకుంటోంది కదా అని ఆగకండి. మొదట వాంతులై, మధ్యలో తేరుకున్నట్టు కనిపించి, మళ్ళీ విషమించడం దీని పద్ధతి.

మీ మాత్రల సంగతి కూడా చెప్పుకుందాం. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాన్పయ్యాక మళ్ళీ 180 రోజులు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకండి, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. టీ, కాఫీ వెంటనే తాగితే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు. విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదు. నేను కాల్షియం టిఫిన్ తర్వాత, ఐరన్ పిల్లలు పడుకున్నాక పెట్టుకున్నాను. పిల్లల ముందు వేసుకుంటే వాళ్ళూ అడుగుతారు.

4. ముందు మీ కంచం

ఒకే కంచంలో పప్పన్నం కలిపి ఇద్దరికీ గోరుముద్దలు పెట్టి, చివర్లో మిగిలినవి పారేయలేక మనం తినేయడం, అదే మన భోజనం అనిపించుకోవడం మన తల్లులందరి అలవాటు. ఈ తొమ్మిది నెలలూ అది మానండి. పద్ధతి కోసం కాదు, ఎంగిలి కోసం. చిన్నపిల్లల ఉమ్మిలో, మూత్రంలో సైటోమెగలో వైరస్ ఉండొచ్చు. పిల్లలకి అది మామూలు జలుబులా వచ్చి పోతుంది, చాలాసార్లు వచ్చినట్టే తెలీదు. గర్భిణికి సోకి కడుపులో బిడ్డకి చేరితే వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకని వాళ్ళ స్పూను నోట్లో పెట్టుకోవద్దు, కొరికిన బిస్కెట్ తినొద్దు, ముద్దులు నుదుటి మీద పెట్టండి. డైపరు మార్చాక, ముక్కు తుడిచాక సబ్బుతో చేతులు కడగండి.

కాబట్టి మీరు ముందు తినండి. మా అత్తయ్యకి ఇది మొదట నచ్చలేదు. "పిల్లలు తినకుండా తల్లి తినడమేమిటి?" అన్నారు. కారణం చెప్పాక ఆవిడే రోజూ పదకొండున్నరకి కంచం పెట్టి పిలిచేవారు. పిల్లలకి కొద్దికొద్దిగా వడ్డించండి, మిగిలేదే ఉండదు.

వేవిళ్ళ రోజుల్లో తాలింపు వాసన పడకపోతే పోపు పని ఇంట్లో ఇంకెవరికైనా అప్పజెప్పండి. మా ఆయన మూడు నెలలు పోపు వేశారు, ఆవాలు సగం మాడ్చి. తలగడ పక్కన డబ్బాలో మరమరాలు పెట్టుకుని, లేచే ముందు గుప్పెడు నమిలి, ఐదు నిమిషాలాగి లేచేదాన్ని. కాస్త తెరిపిగా ఉండేది.

ఇంకా పాలు తాగే పిల్లలుంటే, కడుపుతో ఉండి ఇస్తే వాళ్ళకి అరగదంటారు. మామూలుగా సాగే గర్భంలో ఇవ్వొచ్చు. రక్తస్రావం, నెలలు నిండకుండా కాన్పు అయిన చరిత్ర ఉంటే డాక్టరుని అడిగి ఇవ్వండి. సగం నెలలు గడిచేసరికి పాలు వాటంతటవే తగ్గుతాయి. మా చిన్నది ఐదో నెలలో "అయిపోయాయి" అని తనే వెళ్ళి స్టీలు గ్లాసు తెచ్చుకుంది.

5. రాత్రికి వారాల పట్టిక

ఏడో నెల నుంచి వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోమంటారు. ఇద్దరు పిల్లల మధ్య పక్కకి తిరిగితే ఒకరికి ముఖం, ఒకరికి వీపు. మా ఇంట్లో వారం రోజులు ఇదే యుద్ధం. చివరికి క్యాలెండర్ మీద బొట్టుబిళ్ళలు అంటించాం. ఎర్ర బిళ్ళ రోజు పెద్దది ముందువైపు, ఆకుపచ్చ బిళ్ళ రోజు చిన్నది. అక్షరాలు రాని పిల్లలు క్యాలెండర్ చూసి ఒప్పుకున్నారంటే నమ్మండి. పొట్టకీ పిల్లకీ మధ్య ఒక మెత్తటి దిండు పెట్టుకోండి. నిద్రలో తగిలే చిన్న తన్నుకి బిడ్డకి ఏమీ కాదు. గట్టి దెబ్బ తగిలినా, తర్వాత నొప్పి, రక్తం, నీరు కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.

పగలంతా ఇద్దరి వెనక పరిగెడుతుంటే కడుపులో బిడ్డ కదలిక గమనించం. వాళ్ళు పడుకున్నాక పక్కకి తిరిగి పడుకుని, ఫోన్ పక్కన పెట్టి, ఆ కదలికల మీదే మనసు పెట్టండి. రోజూ ఉండేదానికన్నా తగ్గాయనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం కూడా అంతే. కవలల తల్లి "అలసటలే" అని సర్దుకుపోవడంలో ఆరితేరి ఉంటుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

6. సాయం అడగకండి, పని అప్పగించండి

"కాస్త సాయం చేయండి" అంటే ఎవరూ చేయరు. ఏం చేయాలో తెలీదు కాబట్టి. పనిని మొదటి నుంచి చివరిదాకా ఒకరికి రాసివ్వండి. మా ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి పిల్లలు పడుకునేదాకా మా ఆయన డ్యూటీ. స్నానం, అన్నం, పళ్ళు తోమడం, మర్నాటి బట్టలు తీసి పెట్టడం అన్నీ. మధ్యలో "ఏమోయ్, దీని నైటీ ఎక్కడ?" అని అడక్కూడదని షరతు. మొదటి వారం పిల్లలు తిరగేసిన గౌన్లతో పడుకున్నారు. నేను నోరు మెదపలేదు. మెదిపితే ఆ పని మళ్ళీ నా మీదికే వస్తుంది. టీకాల తేదీలు, విటమిన్ ఎ ద్రావణం ఆరు నెలలకోసారి పట్టించడం కూడా ఆయన ఫోన్లోనే పెట్టించాను.

ఉద్యోగం చేసేవాళ్ళు ఒక లెక్క ఇప్పుడే చూసుకోండి. 2017లో వచ్చిన చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. కానీ అప్పటికే ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది పిల్లలుంటే 12 వారాలే. అందులో కాన్పుకి ముందు వాడుకోగలిగేది ఆరు వారాలు. మీది రెండో కాన్పే అయినా, కవలలు ఇద్దరూ లెక్కలోకి వస్తారు కదా. ఇది ఎనిమిదో నెలలో తెలిస్తే కాళ్ళ కింద భూమి కదులుతుంది. మీ సంస్థ అంతకన్నా ఎక్కువ ఇస్తుందేమో ఇప్పుడే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

7. పిల్లలకి పండగ గుర్తుతో చెప్పండి

రెండేళ్ళ వాళ్ళకి "జనవరిలో" అంటే అర్థం కాదు. పొట్ట కనిపించాక, దసరా దాటాక మేం చెప్పాం. "వాకిట్లో పెద్ద ముగ్గులేస్తారు కదా, గొబ్బెమ్మలు పెడతారు కదా, అప్పుడు బుజ్జిది వస్తుంది" అని. తమ్ముడనో చెల్లనో మాటివ్వకండి. అసలు మనకే తెలీదు, తెలుసుకోవడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

ఆడపిల్లలిద్దరూ చేయి పట్టుకుని నడుస్తుంటే, మీ పొట్ట చూసి "ఈసారి మగపిల్లాడి కోసమా?" అనే పిన్నిగారు ప్రతి వీధిలోనూ ఉంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత "కాదండీ, పెద్ద కంచం కొన్నాం, ఖాళీగా ఉంటుందని" అనేదాన్ని. పిల్లలు వింటున్నారు, అది మాత్రం మర్చిపోకండి.

మలవిసర్జన అలవాటు, బడిలో చేర్చడం, వేరే పక్క మీదికి మార్చడం లాంటివి కాన్పుకి నెలన్నర ముందు నుంచి నెలన్నర తర్వాత దాకా మొదలుపెట్టొద్దు.

8. కాన్పు రాత్రికి రెండు సంచులు

ఒకటి మీది, ఒకటి పిల్లలది. పిల్లల సంచిలో మూడు జతల బట్టలు, పడుకునేటప్పుడు పట్టుకునే బొంత ముక్క, జ్వరం మందు కొలతతో రాసిన చీటీ. రాత్రి రెండింటికి నొప్పులొస్తే పిల్లల దగ్గర ఎవరు కూర్చుంటారు, వాళ్ళు ఊళ్ళో లేకపోతే ఎవరు అని రెండు పేర్లు తలుపు వెనక రాసి అంటించండి. మాకు రెండో పేరే పనికొచ్చింది, ఎదురు ఫ్లాటు టీచరమ్మ. బండి దొరక్కపోతే 108.

పుట్టింటికి వెళ్ళాలా? కవలల్ని మోసుకుని ఊరు మారడం కన్నా మా అమ్మ మా ఇంటికి రావడమే తేలికనుకున్నాం. మీ ఇంటి పరిస్థితి చూసుకోండి.

9. ఇంటికొచ్చిన రోజు చేతులు ఖాళీగా ఉంచుకోండి

గుమ్మంలోకి వచ్చేటప్పుడు పసిదాన్ని అమ్మమ్మకో నాయనమ్మకో ఇవ్వండి. మీరు స్టూలు మీద కూర్చుని పెద్దవాళ్ళిద్దర్నీ తొడల మీదికి ఎక్కనివ్వండి. కుట్లుంటే పొట్టకి దిండు అడ్డం పెట్టుకోండి. పురిటి మైల పదకొండు రోజులు తల్లిని ముట్టుకోకూడదనే ఇళ్ళలో దీని గురించి ముందే మాట్లాడుకోండి. మా అమ్మ, అత్తయ్య కలిసి ఒక దారి చూశారు. పిల్లలు స్నానానికి ముందు నా దగ్గరికి రావచ్చు, ఆ తర్వాత స్నానం, ఆ తర్వాతే దేవుడి గది. జలుబో దగ్గో ఉన్న పిల్లని మాత్రం పసిదానికి దూరంగా ఉంచండి.

పాలిచ్చే వేళ కోసం ఒక బుట్ట సిద్ధం చేసుకోండి. అందులో పాత గాజులు, మూతల డబ్బాలు, బొమ్మల పుస్తకం. ఆ వేళ తప్ప ఇంకెప్పుడూ అది బయటికి రాకూడదు. మాకు ఇప్పటికీ పనిచేస్తోంది.

ఒక్క చిక్కు మాత్రం తేలలేదు. నాలుగు నిమిషాల తేడాతో పుట్టినా ఇంట్లో అందరికీ ఒకత్తి పెద్దది, ఒకత్తి చిన్నది. మూడోది వచ్చాక అత్తయ్య అలవాటు కొద్దీ చిన్నదాన్ని "నడిపిదానా, ఇలా రా" అని పిలిచారు. అది కదల్లేదు. మళ్ళీ పిలిస్తే నడుం మీద చేతులు పెట్టుకుని, "నేను చిన్నది. అది బుల్లిది," అంది. బారసాల నాటి నుంచి మా ఇంట్లో నడిపిది లేదు.